రోజంతా కూర్చుని పని చేసేవారి ఆరోగ్యం: పాతబస్తీలో ఉచితంగా దొరికే సేవలు, మనం చేసుకోవాల్సిన జాగ్రత్తలు

ఈ పాఠం ఎవరి కోసం?

చత్తా బజార్ ప్రెస్సుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికార్డులు డిజైన్ చేసేవారు, మీసేవ సెంటర్ ఆపరేటర్లు, పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో లెక్కలు రాసే గుమస్తాలు, గుల్జార్ హౌజ్ దగ్గర నగల పని చేసేవారు, ఇంట్లో నేల మీద కూర్చుని మగ్గం పని చేసే అక్కాచెల్లెళ్లు, లాడ్ బజార్ లాక్ గాజులకు రాళ్లు అతికేవారు, కుట్టు మిషన్ ముందు కూర్చునే దర్జీలు. ఒకరికి కుర్చీ, ఒకరికి చాప, ఒకరికి ఎత్తుపీట. కానీ శరీరానికి జరిగేది మాత్రం ఒక్కటే: పొద్దున కూర్చుంటే మళ్లీ లేచేది అన్నానికి, ఆ తర్వాత దుకాణం మూసేటప్పుడు.

"మాది కూలి పని కాదు కదా, నీడపట్టున కూర్చుని చేసే పని, మాకేం రోగం?" అని చాలామంది అంటుంటారు. మూటలు మోసేవాళ్ల నడుం సంగతి అందరికీ తెలుసు. కూర్చునేవాళ్ల నడుం, షుగరు, బీపీ సంగతి ఎవరూ పట్టించుకోరు. అవి నొప్పి చెప్పకుండా వస్తాయి కాబట్టి.

ఇందులో రెండు భాగాలున్నాయి. మీ చేతుల్లో ఉన్నవి మొదట, ప్రభుత్వం దగ్గర ఉచితంగా దొరికేవి తర్వాత. తొందరలో ఉన్నవాళ్లు "బస్తీ దవాఖానాలో ఏం అడగాలి?" అన్న చోటికి వెళ్లి చదవండి. మిగతాది సాయంత్రం చూసుకోవచ్చు.

కూర్చుంటే ఏమవుతుంది?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1700లో ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అనే వైద్యుడు ఏ పని చేసేవారికి ఏ జబ్బులు వస్తున్నాయో చూసి పుస్తకం రాశాడు. తర్వాత ఆ పుస్తకంలో రాతగాళ్ల గురించి కూడా చేర్చాడు. వాళ్లను మూడు పీడిస్తాయన్నాడు: ఎడతెగకుండా కూర్చోవడం, చెయ్యి ఒకే తీరున కదలడం, తప్పు రాకూడదని మనసు బిగబట్టుకుని ఉండడం. చత్తా బజార్‌లో ఒకప్పుడు చేత్తో రాసిన కాతిబులకూ, ఇప్పుడు అదే గల్లీలో మౌస్ పట్టుకున్న డీటీపీ ఆపరేటర్లకూ ఈ మూడూ అట్లే సరిపోతాయి. కలం పోయి మౌస్ వచ్చింది, గంతే.

రెండో సంగతి లండన్‌ది. అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ టికెట్ల కోసం మెట్లెక్కి దిగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే డిపో. డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం వీళ్లను పోల్చి చూసి 1953లో ఫలితాలు ప్రకటించింది. గుండెజబ్బు కండక్టర్ల కంటే డ్రైవర్లకే బాగా ఎక్కువ. అఫ్జల్‌గంజ్ దగ్గర డబుల్ డెక్కర్ ఎక్కిన రోజులు గుర్తున్న పెద్దవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

కారణం తేలికే. మన ఒంట్లో తొడలు, పిక్కల కండరాలు పెద్దవి. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చిన చక్కెరను ఎక్కువగా వాడుకునేవి అవే. కూర్చుంటే అవి పని మానేస్తాయి. చక్కెర రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే పొట్ట పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, షుగర్ జబ్బు వస్తుంది. పిక్కలు కదిలితేనే కాళ్లలోని రక్తం తేలిగ్గా పైకి వెళ్తుంది. కదలకపోతే సాయంత్రానికి పాదాలు వాచి, చెప్పులు బిగుతవుతాయి.

2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగర్ జబ్బు ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. గడప దగ్గర ఉన్నవాళ్లు వెనక్కి రావచ్చు. అందుకే ఈ పాఠం.

గంటకు రెండుసార్లు లేవండి

వ్యాయామం అనగానే జిమ్ము, బూట్లు, ఫీజు గుర్తొస్తాయి. వాటికంటే ముందు చేయాల్సింది లేవడం. అర గంటకోసారి లేచి ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ నడవండి. నీళ్లు తాగండి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి, ప్రింటు తీసుకోవడానికి పిల్లాడిని పంపకుండా మీరే వెళ్లండి. నీళ్ల సీసా చిన్నది పెట్టుకోండి. అది త్వరగా అయిపోతుంది, నింపడానికి లేవక తప్పదు.

జొహర్, అసర్ నమాజ్‌కు మసీదు దాకా నడిచి వెళ్లేవారికి పని మధ్యలో రెండు విరామాలు ఎలాగూ దొరుకుతున్నాయి. మిగతావాళ్లు ఆ అజాన్‌నే గడియారంలా వాడుకోవచ్చు. వినిపించగానే లేచి గల్లీ చివరిదాకా వెళ్లి రండి. దీనికి ఫోన్‌లో ఏ యాప్ అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన: పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చేలా ఏదైనా శ్రమ చేయాలి. నడక చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. రోజుకు అర గంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు అయిపోతాయి. ఒకేసారి కుదరకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, ఆటో ఎక్కకుండా నయాపూల్ దాటి మదీనా దాకా నడిస్తే పొద్దున వంతు దాదాపు అయిపోతుంది. అన్నం తిన్నాక పది నిమిషాల నడక షుగర్ ఉన్నవాళ్లకు మరీ మంచిది.

చార్మినార్ చుట్టూ జనం, బండ్లు, ఎండ. ఆ సంగతి తెలిసే చెప్తున్నాం. ఆడవాళ్లకు పొద్దున్నే ఒంటరిగా బయటికి వెళ్లడం కుదరని ఇళ్లూ ఉన్నాయి. వాళ్లు మేడ మీద నడవొచ్చు. మెట్లు పది నిమిషాలు మెల్లగా ఎక్కి దిగినా సరే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం మెట్లు వదిలేసి చదును నేల మీదే నడవాలి.

కుర్చీ, స్క్రీన్, మగ్గం: ఖర్చు లేకుండా సర్దుకోవడం

ఖరీదైన కుర్చీ కొనమని ఎవరైనా చెప్తే వినకండి. ఉన్నదాన్నే సరిచేసుకోవచ్చు.

కుర్చీలో కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఆనకపోతే కింద ఒక పీట గానీ పాత కార్టన్ గానీ పెట్టండి. నడుం వంపు దగ్గర తువ్వాలు చుట్టి పెట్టండి. మానిటర్ పై అంచు మీ కళ్ల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ ఉండాలి, ముఖానికి చేతి దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ వాడేవాళ్ల మెడ ఎప్పుడూ కిందికే వంగి ఉంటుంది. ప్రెస్సులో పేపర్ రీములకు కొదవ లేదు కదా, రెండు రీములు దాని కింద పెట్టి, విడి కీబోర్డు ఒకటి తగిలించండి. మౌస్ కీబోర్డు పక్కనే ఉండాలి. దూరంగా పెట్టి చెయ్యి చాపితే భుజం పట్టేస్తుంది.

నేల మీద కూర్చుని మగ్గం పని చేసేవారికి ఈ సలహాలు పనికిరావు. వాళ్ల కోసం వేరుగా చెప్పాలి. పిరుదుల కింద మడత పెట్టిన బొంత వేసుకోండి, నాలుగైదు అంగుళాల ఎత్తు. నడుం కొంచెం ఎత్తుగా, మోకాళ్లు కిందుగా ఉంటే వెన్ను తనంతట తానే నిటారుగా నిలుస్తుంది. మగ్గం మోచేతుల ఎత్తుకు రావాలి. కిందుగా ఉంటే రెండు కాళ్ల కిందా ఇటుకలు పెట్టి లేపండి. బాసింపట్టు ఒకే తీరున వేయకండి. ఒకసారి కుడి కాలు పైన, ఒకసారి ఎడమ కాలు పైన, ఇంకోసారి కాళ్లు చాపుకుని కూర్చోండి. లైటు ఎడమ వైపు నుంచి పడాలి, ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు కుడి వైపు నుంచి. నీడ పడితే మెడ ఇంకా వంగుతుంది, కళ్లు ఇంకా గుచ్చి చూస్తాయి. ఒక ఎల్‌ఈడీ బల్బు ధర, కళ్లద్దాల ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కళ్ల గురించి. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది, కళ్లు ఆరిపోయి మండుతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడండి. ఎదురు దుకాణం బోర్డు చాలు. జరీ, కుందన్, సూది పని చేసేవారికీ ఇదే వర్తిస్తుంది. 40 దాటాక దగ్గరి చూపు మసకబారడం మామూలే, జబ్బు కాదు. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. రాష్ట్రంలో కంటి వెలుగు రెండో విడత 2023 జనవరి 18న మొదలై, ఊరూరా బస్తీబస్తీలో క్యాంపులు పెట్టి అద్దాలు ఇచ్చారు. అప్పుడు తీసుకున్న అద్దాల నంబరు ఇప్పటికి మారిపోయి ఉండొచ్చు. మళ్లీ చూపించుకోవడానికి మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి దవాఖానా ఉంది.

చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్నట్టు అనుమానించాలి. మౌస్, సూది, కత్తెర పట్టేవాళ్లలో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో, గర్భిణుల్లో ఇది కనిపిస్తుంది. మొదట్లోనే చూపిస్తే మణికట్టుకు పట్టీతో తగ్గే అవకాశం ఉంది. ఆలస్యం చేస్తే బొటనవేలి కండ కరిగిపోయి సూది పట్టు తప్పుతుంది. చేతిపని మీద బతికేవారికి అంతకంటే నష్టం ఏముంది?

నీళ్లు తాగకపోవడం అనే సమస్య

దీని గురించి బయటికి మాట్లాడరు కానీ మాట్లాడాలి. చాలా దుకాణాల్లో, కార్ఖానాల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఉన్నా వెళ్లేలా ఉండదు. అందుకని పొద్దున ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి సాయంత్రం తిరిగి వెళ్లేదాకా నీళ్లు ముట్టనివాళ్లు ఉన్నారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మొలలు. ఎండాకాలంలో కిడ్నీ రాళ్లు. తాగి ఆపుకోవడమూ మంచిది కాదు, తాగకపోవడమూ మంచిది కాదు.

మరుగుదొడ్డి అడగడం సేట్‌ను దయ అడగడం కాదు, పనిచోట ఉండాల్సిన వసతి అది. ఒక్కరే అడగడానికి మొహమాటమైతే నలుగురు కలిసి అడగండి. మూత్రంలో మంటతో పాటు జ్వరం, వెన్నుపక్క నొప్పి ఉంటే ఇంటి చిట్కాలతో రోజులు గడపకండి, అదే రోజు దవాఖానాకు వెళ్లండి. గర్భిణులైతే మంట ఒక్కటి ఉన్నా వెళ్లాలి.

ఛాయ్ లెక్క

ఇరానీ ఛాయ్ మానేయమని ఈ ఊళ్లో చెప్తే ఎవరూ వినరు. లెక్క మాత్రం చూడండి. కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే ఎనిమిది గ్రాములు. కూర్చుని పని చేసేచోట రోజుకు ఐదు ఛాయ్‌లు మామూలు. అంటే 40 గ్రాములు. పైనుంచి వేసుకునే చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఉస్మానియా బిస్కెట్ ఇంకా లెక్కలోకి రాలేదు. ఐదును రెండు చేయండి, లేదా చక్కెర ఒక చెంచాకు తగ్గించండి. ఒక్కసారిగా కాకుండా వారానికి పావు చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది.

అన్నం విషయంలో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది గుర్తుపెట్టుకోవడం తేలిక: ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మిగతా సగంలోనే అన్నం గానీ రొట్టె గానీ, పప్పు, గుడ్డు, మాంసం. మనం చేసేది దీనికి తలకిందులు, ప్లేటు నిండా అన్నం, పక్కన చెంచాడు కూర. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించొద్దు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, పాపడ్, మిక్చర్‌లో ఉన్న ఉప్పు కూడా ఆ చెంచాలోకే వస్తుంది.

రంజాన్‌లో ఉపవాసం ఉండాలనుకునే షుగర్ పేషెంట్లు నెల రోజుల ముందే డాక్టరుతో మాట్లాడాలి. గోలీల సమయం, ఇన్సులిన్ మోతాదు మార్చాల్సి ఉంటుంది. ఎవరికి వారు మార్చుకుంటే మధ్యాహ్నం షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే వెంటనే షుగర్ చూసుకోవాలి. 70 కంటే తక్కువ ఉంటే ఆగకుండా చక్కెర తీసుకోవాలి.

బస్తీ దవాఖానాలో ఏం అడగాలి?

రోజువారీ లెక్కన, పీసు లెక్కన పని చేసేవారికి దవాఖానా అంటే మందుల ఖర్చు ఒక్కటే కాదు, సగం రోజు కమాయి పోవడం. ఉస్మానియాకు వెళ్తే లైను, చీటీ, మళ్లీ లైను. అందుకే "తర్వాత చూద్దాం" అనుకుంటారు. ఆ "తర్వాత" వచ్చేసరికి కాలి పుండు మానదు, లేదా కిడ్నీలు దెబ్బతింటాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి మగ్గం ముందు ఎన్ని రోజులు కూర్చోగలడు?

ఈ ఇబ్బంది కోసమే 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఇంటికి దగ్గరలోనే ఒక డాక్టర్, ఒక నర్సు ఉంటారు. చూపించుకోవడానికి ఫీజు లేదు, అక్కడిచ్చే మందులకూ డబ్బు లేదు. రక్త, మూత్ర నమూనాలు అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు, రిపోర్టు వచ్చినట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అందుకే ఆధార్ కార్డుతో పాటు మీ దగ్గర ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. పాత నంబరో, పక్కింటివాళ్ల నంబరో ఇచ్చి రిపోర్టు రాలేదనుకోవద్దు. పని వేళలు, సెలవు రోజు ముందే కనుక్కుని వెళ్తే కమాయి నష్టం ఉండదు.

వెళ్లి "నడుం నొస్తుంది" అని చెప్పి గోలీలు తెచ్చుకోవడంతో ఆగకండి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. కాబట్టి నోరు తెరిచి అడగండి: "నా బీపీ, షుగర్ చూడండి, నేను రోజంతా కూర్చుని పని చేస్తాను." నడుం చుట్టుకొలత టేపుతో మీరే చూసుకోవచ్చు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

రిపోర్టు చేతికొచ్చాక ఇలా చదువుకోండి. పరగడుపున షుగర్ 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 మధ్య ఉంటే గడప దగ్గర ఉన్నట్టు, నడక, తిండి మార్పులతో వెనక్కి రావచ్చు. 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మళ్లీ పరీక్ష చేసి నిర్ధారిస్తారు. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గత మూడు నెలల సగటు చెప్తుంది. అది 6.5 గానీ పైన గానీ ఉంటే షుగర్ జబ్బు, 5.7 నుంచి 6.4 మధ్య అయితే హెచ్చరిక. బీపీ 140/90 దగ్గర గానీ పైన గానీ రెండు మూడు రోజులు వరుసగా ఉంటే డాక్టరును కలవాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన భయపడనక్కర్లేదు. మెట్లెక్కి వచ్చి వెంటనే చూపించుకుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది, ఐదు నిమిషాలు కూర్చుని చూపించుకోండి.

బీపీ, షుగర్ గోలీలు మొదలుపెడితే "ఇప్పుడు బాగానే ఉంది" అని ఆపేయొద్దు. బాగున్నది గోలీల వల్లే. చార్మినార్ పక్కనున్న ప్రభుత్వ నిజామియా యునానీ దవాఖానాకు వెళ్లే అలవాటు చాలా కుటుంబాల్లో ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడ ఏం వాడుతున్నారో ఇక్కడి డాక్టరుకు, ఇక్కడ ఏం వాడుతున్నారో అక్కడి హకీముకు చెప్పండి.

మహిళలకు ఒక మాట. ప్రతి మంగళవారం ఆడవాళ్ల పరీక్షల కోసం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. రక్తహీనత, థైరాయిడ్, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ లాంటివి అందులో చేర్చారు. మీకు దగ్గర్లో ఏ దవాఖానాలో చేస్తున్నారో ఆశా కార్యకర్తను అడగండి. పెద్ద దవాఖానాకు పంపితే బస్సు ఖర్చు గురించి వెనుకాడొద్దు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. తెలంగాణలో ఉంటున్నట్టు చూపే గుర్తింపు కార్డు చాలు.

నొప్పి గోలీలు, పట్టీలు

మెడికల్ షాపులో "నడుం నొప్పికి రెండు గోలీలు ఇవ్వు భాయ్" అని రోజూ కొనుక్కుంటున్నారా? నొప్పి గోలీలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం. రెండు మూడు రోజులకు మించి కావాల్సి వస్తే డాక్టరును అడిగే వాడాలి.

మామూలు నడుం నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పడుకుని ఉండడం కంటే మెల్లగా తిరుగుతూ ఉండడమే మంచిది. పహిల్వాన్ దగ్గర పట్టీ వేయించుకునే అలవాటు పాతబస్తీలో పాతదే. కానీ ఈ గుర్తులు ఉంటే అక్కడికి కాదు, నేరుగా ఉస్మానియాకు వెళ్లాలి: కాలు పట్టు తప్పడం, మూత్రం లేదా దొడ్డి మీద అదుపు పోవడం, కూర్చునే చోట స్పర్శ లేకపోవడం. ఇవి గంటల్లో చూపించాల్సినవి. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వారం లోపు చూపించుకోండి.

ఒక్క కాలే వాచి, పిక్క గట్టిపడి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాన్ని నూనెతో మర్దన చేయొద్దు. దానికి ఊపిరాడకపోవడం తోడైతే 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట వచ్చినా 108కే. "గ్యాస్ అయ్యుంటది" అని సోడా తాగి గంటసేపు చూసేవాళ్లు ఎక్కువ. ఆ గంటే ముఖ్యం.

ఆరోగ్యశ్రీ, ఈఎస్ఐ, ఈ-శ్రమ్: ఏది దేనికి?

ఈ మూడింటినీ కలిపేసి గందరగోళపడుతుంటారు.

ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సలకు. తెల్ల రేషన్ కార్డు, అంటే ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9న పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. దవాఖానాలో చేరి చేయించుకునే గుండె స్టెంటు, ఆపరేషన్ లాంటివి జాబితాలో ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. మెడనొప్పికి ఓపీలో చూపించుకుంటే ఇది పనికిరాదు. ముందు బస్తీ దవాఖానా, అక్కడి నుంచి రాసిస్తే పెద్ద దవాఖానా. సందేహం ఉంటే 104కి ఫోన్ చేసి అడగండి.

ఈఎస్ఐ జీతగాళ్లకు. మీ దుకాణంలో గానీ ప్రెస్సులో గానీ పది మంది, ఆపైన పని చేస్తుంటే, మీ నెల జీతం 21,000 రూపాయల లోపు ఉంటే మీకు ఈఎస్ఐ ఉండాలి. జీతంలో మీ వంతు 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. జీతం 15,000 అయితే మీ నుంచి 112 రూపాయల 50 పైసలు, యజమాని నుంచి 487 రూపాయల 50 పైసలు. దానికి మీకూ కుటుంబానికీ వైద్యం వస్తుంది. ఇంకోటి చాలామందికి తెలియదు. డాక్టరు రాసిచ్చిన సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఈఎస్ఐ ఇస్తుంది. రోజుకు 500 సంపాదించే మనిషికి 350 వస్తాయన్నమాట. ఇందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి. కాబట్టి జీతంలో కోసుకుంటున్నది నిజంగా జమ అవుతోందా లేదా అన్నది అప్పుడప్పుడు ఉమంగ్ యాప్‌లో చూసుకోండి. రిజిస్టర్‌లో తొమ్మిది పేర్లే రాసి పన్నెండు మందితో పని చేయించుకునే చోట్లు ఉన్నాయి. ఒకసారి ఈఎస్ఐ కిందికి వచ్చిన సంస్థలో తర్వాత మనుషులు తగ్గినా ఈఎస్ఐ పోదు, ఈ సంగతి యజమానులకూ తెలియాలి.

ఇంట్లో పీసు లెక్కన పని చేసేవారికి ఈఎస్ఐ రాదు. ఇది పెద్ద లోటే. పాతబస్తీలో మగ్గం, గాజుల పని సగం ఇళ్లలోనే జరుగుతుంది మరి. హైదరాబాద్ లాక్ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గాజుకు పేరొచ్చింది. చేసే చేతికి మాత్రం సెలవు జీతం ఇంకా లేదు. వీళ్లు 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 16 నుంచి 59 ఏళ్ల వయసు, ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా చాలు. సొంతంగా చేసుకుంటే ఖర్చు లేదు. ఈ కార్డుతో దవాఖానా బిల్లు కట్టరు. అసంఘటిత కార్మికులుగా ప్రభుత్వం దగ్గర మీ పేరు, మీ పని నమోదై ఉండడానికి ఇది. కార్డు ఇప్పిస్తామని వందల రూపాయలు అడిగే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

పని గంటల సంగతీ ఉంది. దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. దాని కింద వారానికి 48 గంటలు దాటి పని చేయిస్తే అదనపు వేతనం ఇవ్వాలి, వారానికో సెలవు ఉండాలి, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. పెళ్లిళ్ల సీజన్‌లో, రంజాన్ ముందు రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టి ఛాయ్, సమోసాతో సరిపెట్టడం అదనపు వేతనం కాదు.

ఆ సీజన్లలో నిద్ర పోతుంది, కోపం పెరుగుతుంది, కొందరికి బతుకు మీదే విసుగొస్తుంది. రామజ్జినీ చెప్పిన మూడోది ఇదే. మనసు బాగా లేనప్పుడు 14416కి ఫోన్ చేయండి. టెలీమానస్ సేవ ఇది, ఉచితం, రాత్రి పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పేరు చెప్పడం ఇష్టం లేకపోయినా మాట్లాడతారు.

వెళ్లే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆధార్, రేషన్ కార్డు, ఈఎస్ఐ ఉంటే ఆ నంబరు, పాత చీటీలు, ఇప్పుడు వాడుతున్న గోలీల ఖాళీ షీట్లు. గోలీ పేరు గుర్తులేక "తెల్లగా, గుండ్రంగా ఉంటది సార్" అని చెప్తే డాక్టరు ఏమీ చేయలేరు. పరగడుపు షుగర్ పరీక్షకు వెళ్తుంటే ముందు రాత్రి భోజనం తర్వాత ఎనిమిది గంటలు ఏమీ తినొద్దు, ఛాయ్ కూడా వద్దు, నీళ్లు తాగొచ్చు. సూదికి ఇబ్బంది లేకుండా చేతులు పైకి మడిచే బట్టలు వేసుకోండి. అక్షరాలు చదవలేని అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే ఈ పీడీఎఫ్‌ను వాళ్లకు ఫార్వర్డ్ చేసి వదిలేయకుండా, రిపోర్టు అంకెల దగ్గర కూర్చుని చదివి వినిపించండి, వాళ్లనూ మీ వెంట తీసుకెళ్లండి.